విరిగిన చేతికి అన్నం పెట్టిన మనిషిని వెతుక్కుంటూ దుబాయ్‌కి

మా దుబాయ్ ప్రయాణం విశాఖ సీతమ్మధారలో ఒక ఎముకల డాక్టరు గదిలో మొదలైంది. నేను కంచరపాలెంలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. మా ఆయన పేరు సింహాచలం, ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పనుల సూపర్‌వైజరు. కిందటేడు ఆయన కుడి చెయ్యి లాగుతోందంటే ఎక్స్‌రే తీయించాం. డాక్టరు ఫిల్ము చూసి, "ఈ చెయ్యి ఎప్పుడో రెండు చోట్ల విరిగిందే, కట్టు ఎక్కడ వేయించారు?" అని అడిగారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ వైపు చూశారు.

బయటికొచ్చాక చెప్పారు. ఇరవై ఏళ్ళ కిందట దుబాయ్‌లో కట్టడాలకు ఇనప పైపులతో పరంజీ కట్టే పనిలో ఉన్నప్పుడు జారిపడ్డారట. నలభై రోజులు కట్టు. ఆ నలభై రోజులూ వారం వారం ఫోన్ చేసి బాగున్నానని చెప్పిన మనిషే ఈయన.

"సెప్తే నువ్వేటి సేత్తావు? సంటిపిల్లనెట్టుకుని ఏడుత్తావు. అందుకే సెప్పనేదు," అన్నారు.

"మరి మిమ్మల్ని ఎవరు చూసుకున్నారు?"

"క్యాంపు పక్క ఓటల్లో యూసుఫ్ భాయ్ అని వంటోడు. కుడిసెయ్యి కట్టులో ఉంటే రొట్టి తుంపుకోలేను గదా. ఆయనే ముక్కలు సేసి, పప్పులో నానబెట్టి పెట్టీవోడు. ఒక్క పూట తప్పనేదు. కట్టిప్పిన మర్నాడే మమ్మల్ని వేరే సైటుకి మార్సీసినారు. సెప్పకుండానే ఎల్లిపోనాను."

ఆ వారంలోనే నా పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాను.

డిసెంబరులో నాలుగు రోజులకు వెళ్ళాం. టూరిస్టు వీసా ఏజెంటు ద్వారా మనిషికి ఏడు వేల దాకా అయింది. విశాఖ నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి నాలుగు గంటల్లోపు విమానం. డేరా అనే పాత పేటలో మెట్రో స్టేషనుకు దగ్గరగా చిన్న హోటల్లో దిగాం. రోజంతా తిరిగే మెట్రో పాసు ఇరవై దిర్హాములు. మొదటి రెండు రోజులూ అందరూ చూసేవే చూశాం: పూలతోట, నీళ్ళు ఎగిరే ఫౌంటెను, అద్దాల మేడలు. ఎడారిలో అంత పచ్చగడ్డి చూసి నేను ఆశ్చర్యపోతుంటే, మా ఆయన మెట్రో కిటికీలోంచి ఒక భవనాన్ని చూపించి, "అది పదమూడో అంతస్తు దాకా మా గుంపే పైపులు కట్టినాం," అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన తన పని గురించి అలా చెప్పడం వినలేదు.

మూడో రోజు శుక్రవారం. పొద్దున్నే చెక్కపడవలో ఒక దిర్హాము ఇచ్చి క్రీక్ అనే సముద్రపు పాయ దాటాం. అవతలి గట్టున ఇడ్లీ తిని, పదకొండు దాటాక, మా ఆయన అప్పట్లో ఉన్న అల్ కూజ్ వైపు టాక్సీ ఎక్కాం. డ్రైవరు మల్లేశ్‌ది జగిత్యాల.

"ఏడికి పోవాలె అన్నా?"

"పాత లేబర్ క్యాంపు. పక్కన మసీదు, ఎదురుగా టైర్ల షాపు."

"ఇరవై ఏండ్ల కింది ముచ్చటనా? క్యాంపులు పోయినయి, షాపులు మారినయి. మసీదు మాత్రం పోదన్నా. ఒక్కో మసీదు కాడికి పోయి చూద్దాం."

మూడో మసీదు దగ్గర మా ఆయన "ఆపండి" అన్నారు. క్యాంపు చోట గోడౌన్లున్నాయి. టైర్ల షాపు కార్లు కడిగే చోటయింది. వాటి మధ్య ఆ పాత హోటలే, షట్టరు దించి ఉంది. మా ఆయన మెట్టు మీద కూర్చుండిపోయారు.

"శానా ఆలీసెం సేసినామే," అన్నారు.

మల్లేశ్ నవ్వాడు. "అన్నా, గిది జుమ్మా నమాజ్ టైం. అందరు మసీదుకు పోయిండ్రు. గంట సేపు ఆగుండ్రి." మీటరు నలభై ఏడు చూపిస్తే నలభై తీసుకుని, తన నీళ్ళ సీసా మా చేతిలో పెట్టి వెళ్ళాడు.

రెండు కావొస్తుండగా నలుగురైదుగురు వచ్చి షట్టరు ఎత్తారు. వాళ్ళ వెనక చేతికర్రతో ఒక ముసలాయన నడుస్తున్నాడు. మా ఆయన లేచి నిలబడ్డారు. "ఆయనే," అన్నారు నాతో, మెల్లగా.

హిందీలో అంతా చెప్పారు: ఏ ఏడు పడ్డారో, ఎక్కడ కూర్చుని తినేవారో. యూసుఫ్ భాయ్ చాలాసేపు మా ఆయన మొహంలోకి చూశాడు.

"గుర్తు లేదు బేటా," అన్నాడు చివరికి. "ఆ క్యాంపులో వందల మంది ఉండేవాళ్ళు. చేతులు విరిగినవాళ్ళు, జ్వరాలొచ్చినవాళ్ళు. ఎవరినని గుర్తుపెట్టుకోను?"

 మా ఆయన, "పర్వాలేదు భాయ్, నాకు గుర్తుంది," అని చొక్కా చెయ్యి పైకి మడిచి ముందుకు చాపారు. ముసలాయన ఆ చేతిని పట్టుకుని, విరిగిన చోట బొటనవేలితో తడిమి చూశాడు.

"బాగా అతికింది," అన్నాడు. అప్పుడు మా ఆయన ఏడ్చారు.

నేను హిందీలో నాలుగు వాక్యాలు బట్టీపట్టి వెళ్ళాను. ఒక్కటీ నోటికి రాలేదు. "శుక్రియా" అని, విశాఖ నుంచి తెచ్చిన మాడుగుల హల్వా చేతికిచ్చాను. ఆయన కొంచెం తిని, హల్వా డబ్బాను హోటల్లో అందరికీ తిప్పించాడు. ఇప్పుడు కొడుకులే హోటలు చూసుకుంటున్నారట, ఆయన వారానికొకసారి శుక్రవారం మాత్రమే వస్తాడట. భోజనం చేయకుండా కదలనివ్వలేదు. నాలుగింటికి ఆ ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తైన ఆకాశహర్మ్యం పైకెక్కే టికెట్లున్నాయి మాకు. ఆ టైము దాటిపోయినా మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.

సాయంత్రం హోటలు గదిలోంచి మా అమ్మాయికి ఫోన్ చేశాం. "నీకో సంగతి సెప్పాలమ్మా, మీయమ్మ దగ్గిర కూడా దాసినాను," అంటూ మా ఆయనే మొదలుపెట్టారు. నేను బాల్కనీలో నిలబడి వింటూ, యూసుఫ్ భాయ్ మా ఆయన్ని గుర్తుపట్టనందుకు బాధపడాలా అని ఆలోచించాను. పడనక్కర్లేదనిపించింది. నాకు తెలియకుండా నా ఇంటిమనిషిని నలభై రోజులు కాపాడినవాడు దాన్ని ఒక గొప్ప పనిగా లెక్కేసుకోలేదు. మా ఆయన అలాంటివాడి చేతిలో పడ్డందుకు ఈ నగరానికి దణ్ణం పెట్టుకున్నాను.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా చిన్న దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. ఆ వేళకు ఎవరినైనా వెతుక్కుంటూ వెళితే, షట్టరు చూసి వెనక్కి రాకండి. కాసేపు ఆగండి.