లోపల వదిలిన గుడ్డ

మా ఎదురింటి అక్క పోయింది. ఎవరూ చెప్పకముందే ఆ సంగతి నాకు తెలిసిపోయింది. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే, ఎదురుగా అక్కవాళ్ల తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మం ముందు చెప్పుల గుంపు. అక్క తయారవకుండా తలుపు తీసే మనిషి కాదు. తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, కుచ్చిళ్లు సరిచేసుకున్నాక గానీ గడియ మీద చెయ్యి వేసేది కాదు. బయట ఉన్నది కొరియర్ అబ్బాయైనా, వాచ్‌మన్ అయినా, నేనైనా అంతే. ఆ వేళకు ఆ తలుపు అలా తెరిచి ఉందంటే, తీసింది అక్క కాదని అర్థమైంది.

ముందురోజు సాయంత్రం ఛాతీలో బరువుగా ఉందంటే, మణికొండలో ఉండే కూతురు వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లింది. నేను లిఫ్ట్ దాకా సాయం వెళ్లాను. అంత నీరసంలోనూ అక్క చీర మార్చుకునే బయల్దేరింది. "అమ్మా, మనం దవాఖానకు పోతున్నం, పెండ్లికి కాదు" అని కూతురు విసుక్కుంటే, "డాక్టర్ గూడ మనిషే గదనే. చూసేటోనికి జర మనసు పుట్టాలె" అంది. నేను విన్న అక్క ఆఖరి మాట అదే. తలుచుకున్నప్పుడల్లా ఏడుపూ నవ్వూ కలిసే వస్తున్నాయి.

ఆ ఉదయం హాల్లో ఆమెను సిద్ధం చేస్తున్నప్పుడు, బంధువుల్లో ఒక పెద్దావిడ బొట్టు వద్దంది. అక్క భర్త పోయి చాలా కాలమైంది. కూతురు ఏడుస్తూనే, "మా అమ్మ బొట్టు లేకుంట ఒక్కనాడు గడప దాటలే. ఇయ్యాల ఎట్ల దాటుతది?" అని తనే పెట్టింది. బొట్టు కొంచెం పక్కకు పోయింది. నేను బొటనవేలితో సరిచేశాను. అక్క ఉంటే అద్దం తెమ్మనేది.

మేం గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లం. కొండాపూర్‌లో ఈ ఫ్లాట్‌లోకి దిగినప్పుడు నాకు నలభై దాటాయి, అక్కకు యాభై దాటాయి. అక్క డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌గా పనిచేసేది. నలభై దాటాక ఆడవాళ్లు ఫొటోల్లో మెల్లగా వెనక వరుసకు జరుగుతారు, మీరెప్పుడైనా గమనించారా? ముందు పిల్లల భుజాల వెనక్కి, తర్వాత ఇంకొకరి పట్టుచీర వెనక్కి. నేనలా జరిగి జరిగి, మా తోడికోడలి కొడుకు పెళ్లి ఆల్బమ్‌లో ఒక చెవి, సగం జడగా మిగిలాను. ఆఫీసు వీడియో మీటింగుల్లో అయితే నాకెప్పుడూ నెట్ సరిగా ఉండేది కాదు. కెమెరా కట్టేయడానికి అంతకంటే మంచి సాకు ఈ ఊళ్లో లేదు.

మా లిఫ్ట్‌లో పక్క గోడకు నిలువుటద్దం ఉంది. ఎక్కగానే దానికి వీపు తిప్పి ఫోన్ చూసుకోవడం నా అలవాటు. వచ్చిన కొత్తల్లో ఒకరోజు అక్క నాతోపాటు ఎక్కింది. ఆవపువ్వు రంగు చీర, దానికి ఏమాత్రం సంబంధంలేని నీలం పువ్వుల జాకెట్టు, చేతిలో గొడుగు. నన్ను కిందినుంచి పైదాకా చూసి, "అద్దం నిన్నేమన్నదే చెల్లె? గట్ల అలిగినవ్?" అంది.

"ఏం లేదండీ, ఫోన్ చూసుకుంటున్నానండీ."

"అండీ గిండీ వద్దు, అక్కా అను. ఇగ ఇటు తిరుగు. పల్లు మంచిగ ఏసుకున్నవ్, ఎవరు చూడాలె దాన్ని? నువ్వే చూడవైతివి."

ముక్కూ ముఖం తెలియని మనిషి అలా అనేసరికి నాకు ఒళ్లు మండింది. గ్రౌండ్ ఫ్లోర్ వచ్చేదాకా ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. కానీ దిగేముందు, ఎందుకో, ఒకసారి అద్దంలోకి చూశాను. పల్లు నిజంగానే బాగుంది.

అక్క జాకెట్ల సంగతి చెప్పకపోతే అక్క గురించి ఏమీ చెప్పనట్టే. వ్రతాలకీ పేరంటాలకీ తాంబూలంలో జాకెట్టు ముక్క పెడతాం కదా. మనలో ఎంతమందిమి ఆ ముక్కలు కుట్టించుకుంటాం? బీరువా కింది అరలో పడేసి, తర్వాతి పేరంటానికి తీసి ఇంకొకరికి పెడతాం. వాళ్లూ అంతే. అక్క మాత్రం తనకొచ్చిన ప్రతి ముక్కా కుట్టించుకునేది. "కట్టుకోనికి గదా పెట్టిన్రు, దాచిపెట్టనీకా?" అనేది. ఏ చీరకు ఏ జాకెట్టన్న లెక్క ఆమెకు లేదు. అయినా ఆమె వేసుకుంటే అవి ఒకదానికొకటి సరిపోయినట్టే ఉండేవి. అది జాకెట్టు గొప్ప కాదు, నిలబడే తీరులో ఉంది ఆ కిటుకంతా.

భర్త పోయినా అక్కను పేరంటాలకు పిలవడం మా బ్లాకులో ఎవరూ మానలేదు. ఒక శ్రావణమాసం మా బ్లాకులో ఒకావిడ ఇచ్చిన తాంబూలం తెచ్చి అక్క మా డైనింగ్ టేబుల్ మీద విప్పింది. వంగపండు రంగు మీద పసుపు చుక్కల గుడ్డ. "గుర్తువట్టినవా?" అంది. నాకు తెలియలేదు. కొత్త బట్ట ఎవరికైనా పెట్టేముందు ఒక మూల పసుపు రాస్తాం కదా. ఈ గుడ్డకు నాలుగు మూలలా పసుపు ఉంది. ఒకటి పాతబడి వెలిసిపోయింది, ఒకటి కుంకుమతో కలిసింది, ఒకటి వేలిముద్రలా ఉంది, ఒకటి నిన్న రాసినట్టుంది. మొదటిది అక్క రాసిందే. ఎవరికో తను పెట్టిన గుడ్డ ఇల్లిల్లూ తిరిగి తిరిగి మళ్లీ తన చేతికే వచ్చింది. "నాకంటె ఎక్కువ ఇండ్లు జూసిందే ఇది! పాపం, ఒక్కరన్న కుట్టించుకోలే" అని, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఎవరిచ్చారని ఒక్కరినీ నిలదీయలేదు. మర్నాడే టైలర్ దగ్గరికి వెళ్లింది.

నేనూ వెంట వెళ్లాను. టైలర్‌తో ఆమెకు ఎప్పుడూ ఒకటే గొడవ. రెండు పక్కలా, కుట్టు లోపల, రెండు వేళ్ల మందాన గుడ్డ వదలమంటుంది. అంత వదిలితే ఉబ్బెత్తుగా కనిపిస్తుందని అతను. "కనిపిస్తె కనిపించని. ఒళ్లు మారుతది. మారనీకి గుడ్డల జాగ ఉండాలె గదా" అని ఆమె. దారిలో నాకు ఉపన్యాసం. "ఒళ్లు పెరిగిందని మనం పరేషాన్ అయితం. కడుపు మాడ్చుకుంటం. నలభై ఏండ్ల ఒళ్లును ఇరవై ఏండ్ల జాకెట్ల కుక్కుడెందుకే? కుట్టు ఇప్పుకుంటె అయిపాయె."

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఆ మాట నాకు పనికొచ్చింది రెండేళ్ల కిందట.

నేను చేస్తున్న ప్రాజెక్టు అయిపోయి బెంచ్ మీదికొచ్చాను. ఐటీలో లేనివాళ్ల కోసం చెబుతున్నాను: జీతం వస్తుంది, పని ఉండదు. కంపెనీలోనే ఇంకో ప్రాజెక్టువాళ్లు ఇంటర్వ్యూ చేసి తీసుకోవాలి. ఎవరూ తీసుకోకపోతే ఒక రోజు హెచ్ఆర్ నుంచి పిలుపొస్తుంది, అంతటితో సరి. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఆ పిలుపొస్తే మళ్లీ ఇంకోచోట ఉద్యోగం దొరకడం ఎంత కష్టమో ఈ చుట్టుపక్కల ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరికి తెలుసు. ఆఖరికి ఒక ఇంటర్వ్యూ వచ్చింది. ఆఫీసుకు వచ్చి ఎదురుగా కూర్చోవాలన్నారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ముప్ఫై రెండేళ్లో, ముప్ఫై మూడేళ్లో.

పని గురించి నాకు భయం లేదు. భయమంతా గదిలోకి అడుగుపెట్టే ఆ మొదటి నిమిషం గురించే. అందుకని నేను చిన్నదాన్నయిపోవాలని తీర్మానించుకున్నాను. నల్లటి రంగు తెచ్చి తలకు పట్టించాను. అది నుదుటి మీద, చెవుల మీద కూడా పట్టి కూర్చుంది. మాల్‌కు వెళ్లి బిగుతు ప్యాంటూ చొక్కా కొన్నాను. అవి వేసుకుని ఎదురింటి బెల్ కొట్టాను.

అక్క తలుపు తీసి నా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తర్వాత, "జర చెయ్యి పైకెత్తు" అంది.

ఎత్తలేకపోయాను. భుజం దగ్గర పట్టేసింది.

"కూసో."

కూర్చున్నాను. ఊపిరాడలేదు.

"మల్ల మాటెట్ల వస్తదే నీకు?"

అంతే, నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతుందని, పిల్లాడి చదువింకా పూర్తి కాలేదని, ఎవరూ నా ముఖం చూసి తీసుకోరని అన్నీ కలిపి ఏడ్చాను. అక్క ఓదార్చలేదు. కొబ్బరినూనెలో దూది ముంచి నా నుదుటి మీది నలుపు తుడుస్తూ కూర్చుంది. "రంగు ఏసుకుంటె ఏసుకో చెల్లె. ప్యాంటు ఏసుకుంటె ఏసుకో. నేను గూడ రంగేసుకున్న, బోర్ కొట్టినంక ఇడిసిపెట్టిన. అది తప్పు కాదు. నచ్చి ఏసుకో, దాక్కోనికి ఏసుకోకు. దాక్కునేటోల్లు దూరంకెల్లి గూడ కనబడ్తరు."

తర్వాత మా ఇంటికొచ్చి బీరువా తీసింది. సముద్రం రంగు నూలుచీర ఒకటి ఎంచింది. దాని జాకెట్టు నాకు ఎప్పుడో బిగుతైపోయింది. అక్క పోరు పడలేక, ఆమె టైలర్ దగ్గరే కుట్టించుకున్న జాకెట్టది. తిప్పి చూస్తే లోపల రెండు వేళ్ల గుడ్డ భద్రంగా ఉంది. కళ్లజోడు సర్దుకుని, బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపి, తనే కొత్త కుట్టు వేసింది. ఇస్త్రీ చేసి నా చేతికిచ్చి, "ఇప్పుడు ఎత్తు" అంది. చెయ్యి పైదాకా లేచింది.

ఇంటర్వ్యూలో ఒకబ్బాయి, "మేడమ్, ఆ డిజైన్ ఒకసారి బోర్డు మీద వేస్తారా?" అన్నాడు. లేచి మార్కర్ తీసుకుని బోర్డు పై అంచు నుంచి మొదలుపెట్టాను. వేస్తూ వేస్తూ, నేనెలా కనిపిస్తున్నానన్న సంగతే మరిచిపోయాను. వాళ్లు నా జుట్టు గురించీ చీర గురించీ ఏమనుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ప్రాజెక్టులోనే ఉన్నాను ఇంకా.

అక్కను దేవతను చేయాలని నాకు లేదు. నడిరోడ్డు మీద మన పల్లు లాగి సరిచేసేది. పెళ్లికి వెళ్లొస్తే భోజనం ఎలా ఉందో చెప్పేది కాదు, ఎవరి జాకెట్టు చేతులు ఎక్కడ పట్టేశాయో చెప్పేది. మా ఆయన ఆమెను చూస్తే మెట్ల దారి పట్టేవాడు. కారణం ఉంది. యాభై దాటిన మనిషి ఆదివారం కూడా ఆఫీసులో ఉచితంగా ఇచ్చిన టీషర్టుల్లోనే తిరుగుతాడు. "ఏం తమ్మీ, కంపెనోల్లు జీతం ఇస్తలేరా? బట్టలే ఇస్తున్నరా?" అని ఆమె నలుగురిలో అడిగేసరికి, మా ఆయన ఆ వారమే రెండు నూలు చొక్కాలు కుట్టించుకున్నాడు. అవి వేసుకున్న రోజు మాత్రం లిఫ్ట్‌లోనే దిగేవాడు.

రిటైరయ్యాక కూడా అక్క తయారవడం మానలేదు. మధ్యాహ్నం టీవీ ముందు ఒక్కతే కూర్చున్నా గంజి పెట్టిన చీర, చెవి వెనక వట్టివేళ్ల వాసనొచ్చే ఖస్ అత్తరు. ఒకసారి అడిగాను, "ఎవరైనా వస్తున్నారా అక్కా?" అని.

"ఎవరు రావాలె? నేనున్న గదా ఇంట్ల" అంది.

దినాలయ్యాక అక్క కూతురు బీరువా తెరిచి, దగ్గరివాళ్లను తలా ఒక చీర తీసుకోమంది. చీరలు తీసుకున్నారు గానీ జాకెట్లను ఎవరూ ముట్టుకోలేదు. ఒకరి జాకెట్టు ఇంకొకరికి ఎలా పడుతుంది? నా వంతు వచ్చినప్పుడు ఆవపువ్వు రంగు చీర తీసుకుని, దాంతోపాటు ఆ వంగపండు రంగు జాకెట్టు అడిగాను. ఎండకీ ఉతుకులకీ వెలిసి, పసుపు చుక్కలు కనబడీ కనబడనట్టున్నాయి.

"అది మీకు పట్టదు ఆంటీ" అంది ఆ అమ్మాయి.

"విప్పితే పడుతుందమ్మా" అన్నాను.

ఇంటికొచ్చి లోపలివైపు తిప్పి చూశాను. రెండు వేళ్ల గుడ్డ. అక్క ఒళ్లు ఆఖరి దాకా పెద్దగా మారలేదు, ఆ జాగా ఆమెకు అవసరమే పడలేదు. నా దగ్గర బ్లేడు ఉంది, ఓపిక కూడా ఉంది. ఒక్కో కుట్టూ తెంపుతుంటే లోపల మడతలోంచి ఖస్ వాసన సన్నగా వచ్చింది. కాసేపు పని ఆపి ఏడ్చాను. మళ్లీ కుట్టాను.

సోమవారం దాన్ని అక్క ఆవపువ్వు రంగు చీర మీదికి వేసుకుని ఆఫీసుకు బయల్దేరాను. తాళం వేసి వెనక్కి తిరిగితే ఎదురింటి తలుపు మూసి ఉంది. లిఫ్ట్ ఎక్కి అద్దం వైపు తిరిగాను. చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు చెదిరితే చెయ్యెత్తి సర్దుకున్నాను. చెయ్యి లేచిన చోట, వెలిసిన గుడ్డ పక్కనే, ఇన్నేళ్లూ ఎండ తగలని వంగపండు రంగు, దాని మీద పసుపు చుక్కలు కొత్తగా కనిపించాయి. గ్రౌండ్ ఫ్లోర్ వచ్చేదాకా చెయ్యి దించలేదు.