జాకీ తిన్న పండ్లు, హన్నా గారు ఆపిన గొట్టం

2006 ఆగస్టు 19, శనివారం. ఆ ఉదయం అల్లవరం మండలంలో ఒక కొబ్బరి రైతు ఇంటి పెరట్లో కుక్క తిన్న పండ్లు నాలుగు. వాటి పేరేమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇంటావిడ లీలావతి గారు కీళ్ళ నొప్పుల జ్వరంతో పది రోజులు మంచం పట్టారు. చూడ్డానికి వచ్చిన హైదరాబాదు బంధువులు ఒక పండ్ల బుట్ట తెచ్చారు. యాపిల్, ద్రాక్ష అయిపోయాక బుట్ట అడుగున నాలుగు గోధుమరంగు కాయలు మిగిలాయి. ఒక్కొక్కటి కోడిగుడ్డంత ఉంది, పైన సన్నని నూగు, నొక్కితే గట్టి. కోనసీమలో అటువంటి కాయ చేతికి వస్తే ఎవరైనా చేసే పనే ఆమె చేశారు. పచ్చి సపోటాలనుకుని, మాగడానికి బియ్యం డబ్బాలో పూడ్చారు. ఐదో రోజుకు అవి మెత్తబడ్డాయి. ఒకదాన్ని రెండు చెక్కలుగా కోసి ఆమె ఉలిక్కిపడ్డారు. లోపలంతా ఆకుపచ్చ! మధ్యలో తెల్లని బొడ్డు, దాని చుట్టూ నల్లని గింజలు. సపోటా కుళ్ళి విషమైందని తీర్మానించి నాలుగింటినీ పెరట్లోకి విసిరేశారు.

జాకీ ఆ ఇంటి కొబ్బరి రాశులకు కాపలా కుక్క. ఆమె వెనక్కి తిరిగేలోపు తొక్కతో సహా నాలుగూ మింగేసింది. పావుగంటలో మెడ సాచి ఓకరించడం మొదలుపెట్టింది.

పశువుల పాక చూసే కొండబాబు అప్పటికే వెదురు గొట్టం తెచ్చాడు. పశువు తినరానిది తింటే ఉప్పునీళ్ళలో కొబ్బరినూనె కలిపి, తల పైకెత్తి, గొట్టంతో గొంతులో పోయడం అక్కడి పద్ధతి. లీలావతి గారు మాత్రం పశువైద్య ఉపకేంద్రానికి ఫోను చేశారు. ఎత్తింది అక్కడ పశువులకు సూదిమందులు వేసే లైవ్‌స్టాక్ అసిస్టెంటు హన్నా గారు.

హన్నా గారికి అప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. ఆమె తండ్రి యోహాను ఈ ఇంటివారి తోటలోనే ముప్పై ఏళ్ళు చెట్లెక్కి కాయ దించాడు. ఆమె మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, శిక్షణ పొంది, 1994లో ఈ ఉద్యోగంలో చేరారు. మొదటి ఏడాది రైతులు ఆమెను చూసి, "ఆడమనిషి గిత్తకి సూదేత్తాదా? గిత్తే సిగ్గుపడిపోద్ది" అని నవ్వేవారు. ఆమె సూది వేసి వెళ్ళిపోయేవారు. ముందు అడగాలి, తర్వాత చూడాలి, ఆ తర్వాతే ముట్టుకోవాలి. పన్నెండేళ్ళలో ఆమె ఈ వరుస ఒక్కసారీ తప్పలేదు. అయితే ఆ పన్నెండేళ్ళలో కుక్క కోసం ఆమెను ఇంటికి పిలిచినవారు లేరు.

హన్నా గారు లూనా బండి దిగేసరికి పెరట్లో పదిమంది మూగి ఉన్నారు. కొండబాబు జాకీని మోకాళ్ళ మధ్య బిగించి దవడలు విడదీస్తున్నాడు.

"ఆగండి! ఆ గొట్టం తియ్యండి!"

"సచ్చిపోద్దండీ బాబూ! ఇరవయ్యేళ్ళ నుంచీ పోత్తన్నానండి నేను."

"ఓకరిస్తున్నదాని గొంతులో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి కొండబాబు గారూ. తొంభై ఏడులో ఒక దూడ అలా నా కళ్ళముందే పోయింది. అది తిన్న మేత వల్ల కాదు, పోసిన నీళ్ళ వల్ల."

ఇంటి యజమాని ప్రభాకరరావు గారు అరుగు మీంచి లేచారు. జాకీని పిల్లగా ఉన్నప్పుడు ఒళ్ళో పెట్టుకుని పాలు పట్టినది ఆయనే.

"అమ్మాయ్, ఆ పండు నువ్వెప్పుడైనా చూసేవా?"

"లేదండి."

"కుక్కకి పడుద్దో పడదో తెలుసా?"

"తెలియదండి."

"తెలియనిదానివి, తెలిసినవాణ్ణి ఆపేత్తావేంటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇప్పుడు జాకీ చస్తే, చంపింది పండు కాదు, గొట్టం ఆపిన హన్నాయే అని మండలమంతా చెప్పుకుంటుంది. రేపటి నుంచి ఏ పాకలోనూ ఆమె మాట చెల్లదు. ఈ సంగతి అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

"పండు గురించి తెలియదండి. గొట్టం గురించి తెలుసు. ఒక్క అరగంట ఇవ్వండి. డాక్టరు గారిని అడుగుతాను."

"ఇవ్వండి మీరు," అన్నారు లీలావతి గారు భర్తతో. "పారేసింది నేను, పిలిచింది నేను."

కొండబాబు మోకాళ్ళు సడలించాడు. హన్నా గారు జాకీ పెదవి ఎత్తి చిగుళ్ళు చూశారు. గులాబీ రంగులోనే ఉన్నాయి. ఊపిరి ఆడుతోంది. పొట్ట బిగియలేదు. అప్పుడు ఇంట్లోని ఫోను నుంచి అమలాపురంలో ఉన్న పశువుల డాక్టరు గారికి ఫోను చేసి, పండు రంగు, నూగు, బొడ్డు, గింజలు, సంఖ్య, కుక్క బరువు ఒకదాని తర్వాత ఒకటి చెప్పారు. ఆయన, "పుస్తకం చూసి ఫోను చేత్తానమ్మా" అని పెట్టేశారు.

పది నిమిషాలు. ఇరవై. ఎవరూ ఇంటికి కదల్లేదు. కొండబాబు గొట్టం కింద పెట్టలేదు. జాకీ ఉన్నట్టుండి వీపు విల్లులా వంచింది, కడుపు ఎగరేసింది, ఒక్క ఉదుటున కక్కేసింది! పచ్చని గుజ్జులో నూగు తొక్కలు, దాదాపు నమలకుండా మింగిన ఒక పూర్తి పండు. హన్నా గారు పుల్లతో విడదీసి చూస్తుండగానే లోపల ఫోను మోగింది.

ఆమె డాక్టరు గారి మాటలను అందరికీ వినబడేలా తిరిగి చెప్పారు. "దాన్ని కివీ అంటారటండి. కుక్కకి విషం కాదట! తొక్క తీసి, చిన్న ముక్కలుగా కోసి, అప్పుడప్పుడు ఒకటో రెండో పెడితే పర్వాలేదట. తొక్క మాత్రం అరగదు, కోయని పండైతే గొంతులోనో పేగులోనో అడ్డం పడొచ్చు. ఎక్కువ తింటే విరేచనాలవుతాయి. ఈ పూట తిండి వద్దు, నీళ్ళు కొంచెం కొంచెంగా దాన్నే తాగనివ్వండి. మళ్ళీ మళ్ళీ కక్కినా, పొట్ట బిగిసినా వెంటనే అమలాపురం."

"ఆయ్," అన్నారు ప్రభాకరరావు గారు. "మనుషులు కూడా తింటారా దాన్ని?"

"జ్వరం వచ్చినవాళ్ళకి మంచిదని తెచ్చుంటారండి."

"చూసేరా! నాకు తెచ్చింది కుక్కకి పెట్టేను," అని లీలావతి గారు నవ్వడంతో పెరడంతా నవ్వింది. కొండబాబు మాత్రం నవ్వలేదు.

సాయంత్రానికి జాకీకి మూడుసార్లు విరేచనాలయ్యాయి. హన్నా గారు చీకటి పడేలోపు ఇంకోసారి వచ్చి పొట్ట నొక్కి చూసి వెళ్ళారు. ఆదివారం ఆరాధన ముగించుకుని ఆమె నేరుగా అక్కడికే వస్తే, జాకీ కొబ్బరి రాశి మీంచి ఆమెను చూసి గట్టిగా మొరిగింది.

మరుసటి వారం, శుక్రవారం ఉదయం ఉపకేంద్రం తలుపు తీసేసరికి కొండబాబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కడుపు ఉబ్బిన గేదెను మూడు కిలోమీటర్లు మెల్లగా నడిపించుకుని వచ్చాడు. హన్నా గారు ఇంకా ఏమీ అడగకముందే చెప్పాడు.

"రాత్రి పచ్చిమేత ఎక్కువ మేసేసిందండి. పొద్దున్నుంచీ ఉబ్బరం. ఏమీ పొయ్యలేదండి, మీరు చూసేకే ఏదైనా చేద్దామని తీసుకొచ్చేను."