వరండాకు చెప్పని బరువు

మల్దకల్ దగ్గరి మా చేలో వేరుశనగ పీకుతుంటే అక్కను పాము కరిచిందని ఫోన్ వచ్చింది. గద్వాల చేరేలోపే ప్రాణం పోయింది. అక్క అంటే నా తోటికోడలు, మా బావగారి భార్య. శవం దగ్గర ఒకావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "గంత లావు మనిషి, ఎన్ని దినాలు బతుకుతది" అంది. కరిచింది పాము, నింద పడింది ఒంటి మీద. నాకు ఒళ్లు మండింది. నాదీ అలాంటి ఒళ్లే మరి.

అక్కంటే నాకు అసూయ. ఇప్పటికీ పోలేదు. ఒకే పొయ్యి మీది రొట్టెలు తిని, పిల్లలు పుట్టాక ఇద్దరం ఒకేలా లావయ్యాం. మోకాళ్లు కూడా ఇద్దరికీ ఒకే ఏడు పట్టుకున్నాయి. కలిసే గద్వాలలో ఒక దవాఖానకు వెళ్లాం. కాంపౌండర్ మమ్మల్ని వరండాలోనే తూచి, బరువులు అందరికీ వినబడేలా అరిచాడు. కూర్చున్నవాళ్లు నవ్వారు. నేను తల దించుకున్నాను. అక్క మిషన్ దిగకుండానే, "నా బరువు నాకు చెప్పు నాయినా, వరండకంత ఎందుకు చెప్తవ్?" అని నిలదీసింది. లోపల డాక్టరు మా మోకాళ్ల వైపు చూడనైనా చూడలేదు. తిండి తగ్గించమని పంపేశాడు. ఇక ఏ దవాఖాన గడపా తొక్కనని నేను ఒట్టు పెట్టుకున్నాను.

అక్క పెట్టుకోలేదు. ఎవరో చెబితే వనపర్తిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చి చెప్పులైనా విప్పకుండా మొదలుపెట్టింది.

"లావుండుడు తప్పు కాదంట చెల్లె. బీపీ లెక్క గిది గూడ రోగమేనంట, మందుంటదంట. ఆమె ముందుగాల కూసోమంటది, గప్పుడు అడుగుతది ఏమైందని. ఈసారి నువ్వు గూడ రా."

"నాకేం రోగం? మంచిగనే ఉన్న" అన్నాను.

వెళ్లిన ప్రతిసారీ పిలిచేది. వెంట వెళితే ఆమే గెలిచినట్టవుతుందని నేను కదిలేదాన్ని కాదు. అక్క సన్నబడిపోలేదు, కొంత తగ్గింది. కానీ మోకాళ్లు కుదురుకుని మళ్లీ చేనుకు పోసాగింది. ఆ వనపర్తి దవాఖానలో చేతుల కుర్చీల్లో ఇరుక్కుపోతున్నామని చెప్పి వరండాలో ఒక బల్ల కూడా వేయించిందట. "వదినను జూసి నేర్సుకోరాదా?" అని మా ఆయన అన్న రోజు నేను అన్నం ముట్టలేదు. అక్కే కంచం తెచ్చి పక్కన కూర్చుంది. "కూడు మీద అలుగకు చెల్లె, అదేం జేసింది మనకు" అంది.

నాలాగా ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ పాముకు దొరికేది కాదు కదా అని కోపమొస్తుంది. వెంటనే ఏడుపొస్తుంది.

దినాలయ్యాక ఒక్కదాన్నే వనపర్తి బస్సెక్కాను. మోకాళ్లు ఇక నన్ను మోసేలా లేవు. 'నా బరువు నాకు చెప్పు, వరండకంత ఎందుకు' అన్న అక్క మాటనే దారి పొడుగునా నోట్లో తిప్పుకున్నాను. ఒక్కసారైనా దాన్ని గట్టిగా నేను అనాలి. నర్సమ్మ లోపలి గదిలోకి పిలిచింది. మిషన్ ఎక్కి నోరు తెరిచేలోపే ఆమె వెళ్లి తలుపు వేసింది.

"ఎప్పుడూ గిట్లనే చేస్తరా?" అని అడిగాను.

"లేదమ్మా. మల్దకల్ దిక్కు నుంచి ఒక పెద్దమ్మ వస్తుండె. ఆమె అడిగినకాన్నుంచి అందరికీ గిట్లనే."

ఆ మాట కూడా నాకు మిగల్చలేదు అక్క. నర్సమ్మ నా బరువు నాకు మాత్రమే వినబడేలా చెప్పింది. డాక్టరమ్మ పిలిచేదాకా వరండాలో ఆ బల్ల మీద కూర్చున్నాను. కాసేపటికి చూసుకుంటే, ఇంకొకరికి చోటు వదిలి ఒక కొసకు జరిగి కూర్చుని ఉన్నాను.