బర్రె గుట్టు బయటపెట్టని ప్రొఫెసర్

లింగమూర్తి డాక్టరా కాదా అన్న విషయంలో నాందేడ్ పట్టణం చాలాకాలం ఒక నిర్ణయానికి రాలేకపోయింది. ధర్మాబాద్ చుట్టుపక్కల పదకొండేళ్లు పశువులకు వైద్యం చేశాడు. ఆ తరువాత పశువుల నుంచి మనుషులకు అంటుకునే జబ్బుల మీద పరిశోధన చేసి, పీహెచ్‌డీ పుచ్చుకుని, నాందేడ్‌లో ఒక వైద్య కళాశాలలో పాఠాలు చెప్పడానికి చేరాడు. అది మొదలు పాత మిత్రులు ఆయనను మనుషుల డాక్టర్ అని వెక్కిరించారు, కొత్త మిత్రులు పశువుల డాక్టర్ అని. భార్య శాంతాబాయి మాత్రం నిష్పక్షపాతి.

"గటు గాదు, గిటు గాదు. జర ఏదన్న ఒక దిక్కు ఉండరాదుండ్రి?" అనేది.

రెండేళ్ల ప్రొబేషన్ ముగియవచ్చేసరికి సరిగ్గా అదే ప్రశ్న కళాశాల కమిటీ ముందుకు వచ్చింది. రోగి మంచం పక్కన నిలబడి పాఠం చెప్పే అర్హత ఈయనకు లేదని మెడిసిన్ విభాగాధిపతి వినాయక్ అభ్యంతరం రాసి పెట్టాడు. కమిటీ ఒప్పుకుంటే ఉద్యోగం ఖాయం, లేకుంటే ఇంటికి.

"వార్డులో ఒక జ్వరముంది. మూడు వారాలుగా మాకెవరికీ లొంగడం లేదు. మీరూ ఓ చూపు చూడండి," అన్నాడు వినాయక్, ఎంతో ఔదార్యంతో.

ఆ జ్వరం పేరు బాబురావు. బిలోలి వైపు రైతు. సాయంత్రమైతే వణుకు, తెల్లవారేసరికి పక్క తడిసేంత చెమట, నడుం నొప్పి. కేసు కాగితంలో "ఇంట్లో పశువులు: లేవు" అని రాసి ఉంది.

నోరులేని రోగులతో పదకొండేళ్లు గడిపినవాడు గనుక లింగమూర్తి నోటి మాటను నమ్ముకోలేదు. చేతులు చూశాడు. కుడి బొటనవేలి కణుపు మీద కాయ కాసి ఉంది. వేలు మడిచి పాలు పిండేవారికి కాసే కాయ.

"ఏంది బాబురావు, మొబైల్ ఒత్తితె కాసిందా ఇది?"

"అవు సార్."

"మొబైల్ పూటకెన్ని లీటర్లిస్తది?"

పక్కనున్న భార్య ఇందుబాయి ఉండబట్టలేకపోయింది. "పాతది నాలుగే సార్. కొత్తదే ఆరిస్తదనిరి..." అని నాలుక్కరుచుకుంది. బాబురావు ఆమె వైపు చూసిన చూపుకు జ్వరం మరో డిగ్రీ ఎక్కి ఉంటుంది.

ఇక దాచి లాభం లేకపోయింది. కొత్తది వియ్యంకుడు గజానన్ దసరాకు ప్రేమగా పంపిన సూడి బర్రె. నెలలు నిండకముందే ఈసుకపోయింది. చచ్చిన దుడ్డెను బాబురావే ఒట్టి చేతులతో బయటికి లాగాడు.

"మరి పశువులే లేవని ఎందుకు రాపిచ్చినవయ్యా?"

"ఎట్ల జెప్పాలె సార్? గజానన్ ఈడ ఆఫీసులనే గుమాస్తా. నాకీ మంచం ఇప్పిచ్చింది సుత ఆయనే. నీ బర్రెతోనే నాకు జరమొచ్చిందంటే మా బిడ్డ కోమల్ ఆ ఇంట్ల ఎట్ల బతుకుతది?"

లింగమూర్తి ఆలోచించాడు. "నా నోట రాదు. కని నేనచ్చి సూసేదాంక బర్రె కొట్టం దాటొద్దు, పాలు మరగకుంట ఎవల నోట్లెకు పోవద్దు."

ఒప్పందం కుదిరింది. రక్తపరీక్షలో బ్రుసెల్లా తేలింది. ఈనిన పశువుల నుంచీ పచ్చిపాల నుంచీ మనుషులకు అంటుకునే జబ్బది. సరైన మందులు పడ్డాక వారం తిరక్కుండానే జ్వరం దిగింది.

కమిటీ కూర్చుంది. డీన్ దీపాలి మేడమ్ అడిగింది: "పశువులు లేవన్న మనిషికి ఆ పరీక్ష చేయించాలని ఎలా తోచింది మీకు?"

లింగమూర్తి నోరు తెరిచాడు. బల్ల చివర, ప్రతి మాటా రాసుకోవడానికి పెన్ను ఎత్తిపట్టుకుని గజానన్ కూర్చున్నాడు. లింగమూర్తి నోరు మూశాడు.

"చెప్పలేను మేడమ్. రోగి రహస్యం."

"రోగి అనుమతి తీసుకోవచ్చుగా?"

"రోగులు ఇద్దరు. రెండోవారు సంతకం చేయలేరు."

గజానన్ దాన్ని శ్రద్ధగా రాసుకున్నాడు.

"ఊరికే గుడ్డిగా తగిలిందని నేనంటే?" అన్నాడు వినాయక్. "ఉద్యోగం పోయినా చెప్పరా?"

శాంతాబాయి ముఖం కళ్లముందు మెదిలింది. ఆమె ఈసారి ఏమంటుందో కూడా వినిపించింది. అయినా, "చెప్పను," అన్నాడు.

వినాయక్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "రోగుల గుట్టు లిఫ్టులో మాట్లాడుకోవద్దని మా పిల్లలకు ఐదేళ్లుగా చెబుతున్నాను మేడమ్. వినే నాథుడు లేడు. ఆ పాఠమేదో ఈయన్నే చెప్పనివ్వండి," అని తన అభ్యంతరం తానే కొట్టేశాడు.

ఖాయమైన ప్రొఫెసర్‌గా లింగమూర్తి చేసిన మొదటి అధికారిక కార్యం, ఆ ఆదివారం ముద్ఖేడ్‌లోని గజానన్ కొట్టానికి, అంటే ఆ బర్రె పుట్టింటికి, వెళ్లడం. కళాశాల పరిశోధనకు నీ బర్రెలు ఎంపికయ్యాయి అని ముందే కబురుపెట్టాడు. గజానన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక్కో బర్రెకు బొట్టు పెట్టి నిలబెట్టాడు.

"సూసినవా విలాస్?" అని పొరుగాయనను పిలిచి చూపించాడు. "నీ బర్రెలను పాలకు అడుగుతరు. మాయి కాలేజీకి పోతున్నయి."

లింగమూర్తి చేతి తొడుగులు వేసుకుని, రక్తం తీయడానికి మొదటి బర్రె మెడ నరం కోసం తడిమాడు.