క్లేటుస్ తెల్లకాగితం

మా ఆయన క్లేటుస్ చేసే ఉద్యోగం చెబితే ఎవరైనా నవ్వుతారు. మా ఊరి అగ్నికొండ పొగ కక్కే రోజుల్లో మా విమానాశ్రయంలో ఆరుబయట ఒక తెల్లకాగితం పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, అరగంటయ్యాక తీసి చూస్తాడు. తెల్లగా ఉంటే విమానాలు దిగుతాయి. బూడిద కనిపిస్తే దిగవు, అది ఇంజన్లో పడితే విమానం కూలుతుందట. కొండ ఊరుకున్న రోజుల్లో గడ్డి కోయిస్తాడు, రన్‌వే మీదికొచ్చే మేకల్ని తోలుతాడు. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. "కాగితానికి కాపలా కాసేవాడికి పిల్లనిచ్చాను" అని మా నాన్న పోయేదాకా ఎత్తిపొడుస్తూనే ఉన్నాడు.

మొన్న కొండ మళ్లీ రేగిన మర్నాడే మా అత్త హెండ్రికా పోయింది. కొండకింది ఊళ్లవాళ్లంతా అప్పటికే మూటాముల్లే సర్దుకుని మా వీధి బడిలో దిగారు. వాళ్లలో సగంమంది శవం దగ్గర కూర్చోవడానికి మా ఇంటికే వచ్చారు. ఎవరికీ ఒకచోట కాలు నిలవదు. కాసేపు ప్రార్థన చేస్తారు, కాసేపు వాకిట్లోకొచ్చి కొండవైపు చూస్తారు. మొక్కజొన్న అన్నం వండీ వండీ నా చేతులు పడిపోయాయి.

మాలో ఆడమనిషి పోతే అన్నో తమ్ముడో వచ్చి తన చేత్తో నేతబట్ట కప్పాలి. అది కప్పందే పెట్టె మూత వెయ్యరు. వేస్తే ఆ ఇంటికి తరతరాలా మాట పడుతుంది. అత్తకు మిగిలింది ఒక్క తమ్ముడు, పస్కాలిస్ మావయ్య. మలేషియాలో పామాయిల్ తోటలో గెలలు కోస్తాడు. పద్నాలుగేళ్లయింది ఆయన ఊరికొచ్చి. కబురందగానే బయల్దేరి, బాలి దాకా వచ్చి ఇరుక్కుపోయాడు. అక్కడ వేలమంది తెల్లవాళ్లు నేలమీదే పడుకున్నారట.

"వాళ్లకేమో సెలవులు పాడయ్యాయి, నాకేమో అక్క పోయింది. అందరం ఒకే వరసలో నిలబడ్డాం" అన్నాడు ఫోన్లో.

మూడో రోజు పొద్దున, శవం చెడకుండా ఎక్కించిన మందు ఇక ఆగదన్నాడు డాక్టరు. సాయంత్రం నాలుగింటికి సమాధి చెయ్యాల్సిందేనని ఫాదరు చెప్పేశాడు. పన్నెండింటి కాగితం తెల్లగా వస్తే బాలి విమానం బయల్దేరుతుంది, మావయ్య మూడింటికల్లా ఇంట్లో ఉంటాడు. సెలవు పెట్టమంటే మా ఆయన వినలేదు. "నా కళ్లతో చూస్తేనే నాకు నమ్మకం" అంటూ వెళ్లిపోయాడు. నాకూ, ఆడపడుచు గౌదెన్సియాకూ ఇంట్లో ఊపిరాడలేదు. వెనకాలే పోయి కంచె దగ్గర నిలబడ్డాం.

ఆయన రాళ్లు తీసి కాగితం ఎత్తాడు. తెల్లగానే ఉంది! గౌదెన్సియా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన కంచె దాకా తెచ్చి చూపించాడు. ఒక మూల పిండి జల్లించాక మిగిలే నలుసంత బూడిద.

"ఇదేం బూడిద అన్నయ్యా? ఒక్కసారి ఊదు, పోతుంది."

"కాగితం మీదది పోతుందే. పైనున్నది పోదు."

"అమ్మకన్నా నీకు కాగితం ఎక్కువైందా?"

నేనూ తక్కువేం తినలేదు. "ఎవరు చూడొచ్చారు? ఊదెయ్యి" అన్నాను. అన్నమాట దాచను.

ఆయన మా ఇద్దరివంకా చూశాడు. "ఆ విమానంలో ఉండేది మావయ్య" అన్నాడు. గబగబా ఫొటో తీసి పైఆఫీసుకు పంపేశాడు.

పావుగంటలో విమానం రద్దయింది. లోపల రెండు రోజులుగా పడిగాపులు పడుతున్న ఒక విదేశీ జంట, ఇంత చిన్న కాగితం చూసి ఆపేస్తారా అని ఆయన మీద విరుచుకుపడ్డారు. ఆయన వాళ్లను దాటుకుని కంచె దగ్గరికొచ్చి మాకూ వినపడేలా మావయ్యకు ఫోన్ చేశాడు. తమ్ముడి చెయ్యి పడకుండా మా అత్తను పంపించడానికి మేమెవరం?

"ఎంత పడిందిరా?" అన్నాడు మావయ్య.

"కొంచెమే మావయ్యా."

"కాగితం పారేశావా?"

"లేదు."

"తీసుకెళ్లి అక్క మీద కప్పు. నేనెందుకు రాలేదో అదే చూసుకుంటుంది."

ఆ రోజు ఆయన మోటారు సైకిలు అక్కడే వదిలేశాడు. బండి మీదైతే బూడిద ఎగిరిపోతుందని భయం. కాగితాన్ని రెండు అరచేతుల మీదా పెట్టుకుని, నాలుగు కిలోమీటర్లూ నడిచాడు. నేను పక్కన గొడుగు పట్టాను. గౌదెన్సియా ముందు నడుస్తూ, ఎదురొచ్చిన ప్రతి బండివాణ్నీ "మెల్లగా పో నాయనా, గాలి తగులుతోంది" అని కసిరింది.

తమ్ముడి మాట చెప్పగానే ఇంట్లో పెద్దలు పక్కకు జరిగి దారిచ్చారు. మా ఆయన కాగితాన్ని వాళ్లమ్మ గుండెల మీద పెట్టాడు. మూత దించుతుంటే గౌదెన్సియా ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను.