చివరి బల్ల మీద నాణెం

మా బొమ్మ రైళ్ల క్లబ్బులో వెండెల్ స్కార్ అంత కంగారు మనిషి ఇంకొకడు లేడు. ముప్ఫయ్యేళ్లు స్కూలు బస్సు నడిపాడు. అమెరికాలో మా మిన్నెసోటా రాష్ట్రపు మంచులో ఒక్కసారి కూడా బస్సును రోడ్డు దింపలేదు. అలాంటివాడు ఇప్పుడు బొమ్మ రైళ్లకు కరెంటు ఇవ్వమంటే తీగలన్నీ పదిసార్లు తడిమి చూసుకుంటాడు. పోయిన అక్టోబరు దాకా ఇలా లేడు. అప్పట్లో ఏది అడిగినా "పెద్దదే కొందాం, ఇంక చింత ఉండదు" అనేవాడు.

ఎవరి బల్ల వాళ్లం ఇంట్లోనే తయారు చేసుకుంటాం. దాని మీద పట్టాలు, ధాన్యపు గోదాము, చిన్న ఊరు, ఎవరి పిచ్చి వాళ్లది. ఏడాదికి రెండుసార్లు, ప్రదర్శన కోసం చర్చి కింది హాల్లో బల్లలన్నీ కలిపి బిగిస్తాం. ఏ ఇంజిన్ ఎటు పోవాలో చేతిలోని రిమోట్ చెబుతుంది, ఆ మాట పట్టాల్లోంచే ఇంజిన్‌కు అందుతుంది. అందుకని పట్టాల్లో కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఇంజిన్ పట్టాలు తప్పి షార్టయిందా, ఆ కరెంటు వెంటనే ఆగిపోవాలి. ఆగుతుందో లేదో చూడ్డానికి రైళ్లు ఎక్కించే ముందు రెండు పట్టాలకూ అడ్డంగా ఒక పావు డాలరు నాణెం పెట్టి కావాలనే షార్టు చేస్తాం.

అక్టోబరులో వెండెల్ హాలంతటికీ కలిపి ఒకే పెద్ద పవర్ సప్లై తెచ్చాడు. నాణెం పెట్టాడు. పెట్టింది ఎక్కడ? పవర్ సప్లై పక్కనే ఉన్న తన సొంత బల్ల మీద. కరెంటు ఠక్కున ఆగింది, అందరం సంబరపడ్డాం. అవతలి కొసన ఉన్నది మా క్లబ్బులోనే ఉన్న మార్లిస్ అనే ఆవిడ బల్ల. సన్నటి తీగల్లో కరెంటు అంత దూరం సాగితే, అక్కడ షార్టయిన సంగతి ఇక్కడి డబ్బాకు తెలియదు. మధ్యాహ్నం మార్లిస్ ఇంజిన్ పట్టాలు తప్పింది. కరెంటు ఆగలేదు. కాలిన వాసన వచ్చి పరుగెత్తేసరికి అడుగుభాగం కరిగి పట్టాలకు అతుక్కుపోయింది. చలికాలమంతా కూర్చుని ఆవిడ సొంత చేతులతో చేసుకున్న ఇంజిన్ అది.

మార్లిస్ నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. "పర్లేదులే వెండెల్, జరుగుతుంటాయి" అంది. మా ఊళ్లో ఆ మాట తిట్టుకంటే ఘోరం. వసంతంలో జరిగే ప్రదర్శనకు బల్ల తెస్తానంది. ఇంజిన్ మాత్రం తేనంది.

అది వెండెల్‌కు మింగుడు పడలేదు. ఆ చలికాలమంతా సరిగ్గా నేను భోజనానికి కూర్చునే వేళకే ఫోన్ చేసేవాడు.

"హాలును మూడు భాగాలు చేసి, ఒక్కోదానికి ఒక చిన్న పవర్ సప్లై పెడితే చాలుతుందంటావా?"

"చాలుతుంది."

"రైళ్లు ఎక్కువైతే మొరాయించవు కదా?"

"మొరాయిస్తే రైళ్లు తగ్గిద్దాం. నా సూపు చల్లారిపోతోంది, ఫోన్ పెట్టెయ్."

మర్నాడు మళ్లీ ఫోన్. "మూడూ ఒకే రకానివి ఉండాలి కదా? ఒకదాంట్లో వోల్టేజి ఎక్కువైందనుకో, ఈ భాగంలోంచి ఆ భాగంలోకి వెళ్లే ఇంజిన్ ఉలిక్కిపడి పరుగెత్తదూ?"

"నీకంటే ఎక్కువ ఉలిక్కిపడేది ఈ జిల్లాలోనే లేదయ్యా!"

విసుక్కున్నానే గాని నాకూ లోపల భయంగానే ఉంది. ఈసారి కూడా ఏదైనా కాలితే ఈ మనిషి మళ్లీ హాల్లో అడుగు పెట్టడు.

ప్రదర్శన రోజు పొద్దున్నే వచ్చి ఒకే రకం డబ్బాలు మూడు, ఒక్కో భాగం మధ్యలో బల్ల కింద బిగించాడు. లావు తీగలు లాగాడు. ఆపైన నాణెం పట్టుకుని బల్ల బల్లకూ తిరగడం మొదలెట్టాడు. కరెంటు పోవడం, రావడం, పోవడం.

"ఏమయ్యా వెండెల్, చర్చిలో చందా పళ్లెం తిప్పుతున్నట్టు తిరుగుతున్నావేంటి?" అని అరిచాడు జనాన్ని లోపలికి వదలడానికి తలుపు దగ్గరున్న మా ఆరిన్. "జనం బయట చలికి బిగుసుకుపోతున్నారు!"

వెండెల్ ఒక్కో బల్లా దాటి చివరిదాకా వచ్చాడు. చివరి బల్ల దగ్గర మార్లిస్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నాణెం పెట్టాడు. ఆగింది. తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఆగింది.

"ఆగింది, మార్లిస్."

"చూశాను."

ఆవిడ సంచీలోంచి గుడ్డ మూట తీసి విప్పింది. అదే ఇంజిన్. అడుగుభాగం కొత్తది, పక్కన కాలిన మచ్చ మాత్రం అలాగే ఉంది. పట్టాల మీద పెట్టి, కావాలనే దారి మార్చే పట్టాను తప్పువైపు తిప్పి, ఇంజిన్‌ను దాని మీదికి నడిపింది.

"వద్దు! నాణెంతో చూశాం కదా!" అంటూ వెండెల్ చెయ్యి అడ్డం పెట్టబోయాడు.

ఇంజిన్ పక్కకు ఒరిగి షార్టయి ఆగింది. మార్లిస్ దాన్ని ఎత్తలేదు. అలాగే ఉండనిచ్చింది. నేను వాసన కోసం ముక్కు ఎగబీలుస్తున్నాను. వెండెల్ ఊపిరి తీసుకోవడం కూడా మానేశాడు. కాసేపటికి ఆవిడ చక్రాల మీద వేలు పెట్టి చూసింది.

"చల్లగానే ఉంది" అంది. ఇంజిన్‌ను సరిగ్గా నిలబెట్టి, పట్టాను సరిచేసి, రిమోట్ వెండెల్ చేతిలో పెట్టింది. "ఇంద, మొదటి చుట్టు నువ్వే నడుపు."

ముప్ఫయ్యేళ్ల బస్సు డ్రైవరు ఆ ఇంజిన్‌ను పసిపిల్లల నడకకంటే నెమ్మదిగా హాలంతా తిప్పాడు. మార్లిస్ పక్కనే నడిచింది. బయట జనం తలుపు బాదుతున్నా, ఆ చుట్టు పూర్తయ్యేదాకా ఆరిన్ తలుపు తీయలేదు.