ఉత్త ఫ్లాష్

నర్సీపట్నంలో మా ఇంటి పెళ్లిళ్లన్నిటికీ ఫొటోలు తీసింది ఒకే ఫొటోగ్రాఫరు. ఎవరి ముందు కెమెరా పెట్టినా "సూపు నాకేసి పెట్టండి" అనేవారు. కళ్లు తనవైపు తిరిగేదాకా మీట నొక్కేవారు కాదు.

డెబ్బైల చివర్లో మా చెల్లి పెళ్లి. రీలుకి ముప్పై ఆరు ఫొటోలే వస్తాయి. అందుకని నేను చెవి పట్టుకుంటే ఫొటో తియ్యకుండా ఉత్త ఫ్లాష్ వెలిగించమని ఆయనకి ముందే చెప్పాను. అప్పట్లో అందరూ చేసే పనే. భోజనాలకి అడ్డాకులు మోసుకొచ్చిన కొండ ముసలామె వచ్చి చెల్లి పక్కన నిలబడింది. నేను చెవి పట్టుకున్నాను. ఫ్లాష్ వెలిగింది. ఆమె నవ్వింది.

ఆ తరవాత సంతకి దిగినప్పుడల్లా మా ఇంటికొచ్చి, "నా పొటో వచ్చినాదా బాబూ?" అని అడిగేది. నాలుగోసారి విసుగొచ్చి, ఫొటోగ్రాఫరు పాడుచేసేశాడని చెప్పాను.

పై వారం ఆమే ఒక ఫొటో పట్టుకొచ్చి చూపించింది. అందులో స్టూడియో కుర్చీలో ఒక్కతే కూర్చుని ఉంది.

"నువ్వు సెప్పినట్టే ఆ బాబు సేతిలో పాడైపోనాదట. ఒప్పుకుని, ఇది ఊరికే తీసిచ్చినాడు. మంచోడు, ఆయన్నేటీ అనకు" అంది.

కొన్నాళ్లకి ఉద్యోగం దరఖాస్తుకి ఫొటో కావలసి ఆయన దగ్గరికే వెళ్లాను. ఆయన ఆ సంగతి ఎత్తలేదు. "సూపు నాకేసి పెట్టండి బాబూ" అన్నారు. కాసేపు ఆగి మళ్లీ అన్నారు. చివరికి అలాగే నొక్కేశారు.

నేను నేలకేసి చూస్తున్న ఆ ఫొటో దరఖాస్తుకి పనికిరాలేదు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.